నలుగురు సుబ్బారావులు, రెండే పుట్టిన ఏళ్ళు

గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు ఏ బడి హాజరుపట్టీ తెరిచినా ఇద్దరు ముగ్గురు సుబ్బారావులు తగిలేవారు. మాస్టారు "సుబ్బారావు" అనగానే మూడు మూలల నుంచి "ప్రెజెంట్ సార్" వినపడేది. అప్పుడాయన కళ్ళజోడు సర్దుకుని ఇంటిపేరుతో కలిపి మళ్ళీ చదివేవారు. ఊళ్ళో అయితే ఇంటిపేరు కూడా చాలేది కాదు. ఒకే ఇంటిపేరు మీద తాత, మనవడు, పెదనాన్నగారి అబ్బాయి అందరూ సుబ్బారావులే. అందుకని పెద్ద సుబ్బారావు, చిన్న సుబ్బారావు, కరణంగారి సుబ్బారావు, నూతి గట్టు సుబ్బారావు అని పిలుచుకునేవారు. ఈ గుర్తులన్నీ పోస్టుమాన్‌కి కంఠతా వచ్చు. ఆయన బదిలీ అయి కొత్తాయన వస్తే, ఉత్తరాలు ఒక నెలపాటు ఇల్లిల్లూ తిరిగేవి.

ఇప్పుడు ఉయ్యాలలో సుబ్బారావు కనపడడం లేదు. ఆ పేరు తలుచుకుంటే ముందుగా మనసులోకి వచ్చేది నలుగురు. 'హిందూ' పత్రిక మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు, వేదాంతి తల్లాప్రగడ సుబ్బారావు 1856లో పుట్టారు. మందుల శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, ఎంకి పాటల కవి నండూరి వెంకట సుబ్బారావు 1895లో పుట్టారు. ఒకే పేరు, ఒకే ఏడు, అలాంటి జంటలు రెండు. నలుగురి జీవితాలూ గోదావరి నేలను తాకాయి, నలుగురి చదువులకూ మద్రాసుతో ముడి పడింది. ఇంటిపేరు పక్కన పెడితే వీళ్ళు ఎంత సులువుగా ఒకరిలో ఒకరు కలిసిపోతారో, పాత పత్రికలు, లైబ్రరీ కార్డులు తిరగేసినవాళ్ళకు తెలుసు.

ముందు ఆ పేరు సంగతి. సుబ్బారావు, సుబ్బారాయుడు, సుబ్బయ్య, సుబ్బమ్మ, సుబ్బలక్ష్మి అన్నీ సుబ్రహ్మణ్యేశ్వరుడి పేర్లే. పెళ్ళయి నాలుగైదేళ్ళు గడిచినా కడుపు పండకపోతే, పుట్టిన పిల్లలు నిలవకపోతే, నాగుల చవితికి పుట్టలో పాలు పోసి మొక్కుకునేవారు. కార్తీక శుద్ధ చవితి నాడు తెల్లవారకముందే తలస్నానం చేసి, పుట్ట దగ్గరికి ఆవుపాలు, చలిమిడి, చిమ్మిలి పట్టుకెళ్ళేవారు. చలిమిడికి బియ్యం నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, తడి ఉండగానే దంచి జల్లించాలి. గ్లాసు తడిపిండికి అరగ్లాసు బెల్లం తురుము. పిండి ఆరిపోయిందంటే ముద్ద కట్టదు, చేతిలోనే విరిగిపోతుంది. అప్పుడు నీళ్ళు చల్లితే బెల్లం కరిగి జారుడవుతుంది. ఆ తడి అందాజు అమ్మమ్మల వేళ్ళకే తెలిసేది. మార్గశిర శుద్ధ షష్ఠికి మోపిదేవికో, అత్తిలికో, బిక్కవోలుకో వెళ్ళేవారు. మొక్కు ఫలిస్తే పేరు వెతుక్కునే పని లేదు. పుట్టింది మగపిల్లాడైతే సుబ్బారావు, ఆడపిల్లయితే సుబ్బలక్ష్మి.

బారసాలలో ఆ పేరు బియ్యంలో రాసేవారు. పళ్ళెంలో బియ్యం పరిచి, అరచేత్తో చదును చేసి, తండ్రి బంగారు ఉంగరంతో మాస నామం, నక్షత్ర నామం, వ్యవహార నామం వరసగా రాసేవాడు. బియ్యం మరీ ఎక్కువ పోస్తే గీత నిలవదు, గింజలు జారి అక్షరం పూడిపోతుంది. పళ్ళెం అడుగు కనిపించేంత పల్చగా పరిస్తేనే సున్నా సున్నాలా, కొమ్ము కొమ్ములా కనపడుతుంది. "సుబ్బ"లో బకారం కింద వత్తు రాసేసరికి చోటు చాలక ఉంగరం పళ్ళెం అంచుకు తగిలి టింగుమనడం చాలా ఇళ్ళలో విన్న చప్పుడే. పెట్టింది తాతగారి పేరు కూడా అయితే, కోడళ్ళు ఆ పిల్లాణ్ణి పేరు పెట్టి పిలవకుండా "బాబు", "చంటి" అనేవారు. మామగారి పేరు నోటితో అనకూడదు మరి.

ఇక 1856 జంట. న్యాపతి వారు నెల్లూరులో జనవరి 14న పుట్టారు. పేరు నిలిచింది మాత్రం రాజమండ్రి మనిషిగా. తల్లాప్రగడ వారు కాకినాడ వైపు కుటుంబంలో జులై 6న పుట్టారు. ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవాళ్ళే. 1878 సెప్టెంబరు 20న మద్రాసులో 'హిందూ' పత్రికను మొదలుపెట్టిన ఆరుగురు యువకుల్లో న్యాపతి వారు ఒకరు. ఆ ఆరుగురిలో ఇద్దరు బడిపంతుళ్ళు, నలుగురు లా విద్యార్థులు. రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి 80 కాపీలు అచ్చు వేశారు. ఎనిమిది పేజీల వారపత్రిక, ధర నాలుగణాలు. ఈ లెక్క చెప్పినప్పుడల్లా ఇప్పటి పిల్లలు నమ్మరు. కాస్త కాగితం, ఒక రోజు ప్రెస్సు కూలి, రూపాయి పన్నెండణాలు, ఇరవై రెండేళ్ళ కుర్రాడి పట్టుదల. అంత పెద్ద పత్రిక పునాదిలో మన సుబ్బారావు ఒకడు ఉన్నాడన్న మాట ఒకప్పుడు రాజమండ్రి ఇళ్ళల్లో గర్వంగా చెప్పుకునేవారు. ఇప్పుడా పేరు జాబితాలో చివర ఎక్కడో మిగిలింది, అది బాధగానే ఉంటుంది.

తర్వాత ఆయన రాజమండ్రి వచ్చి వకీలుగా స్థిరపడ్డారు. అక్కడ నడిపిన 'చింతామణి' పత్రిక 1890ల్లో తెలుగు నవలలకు పోటీలు పెట్టింది. తెలుగులో నవల అన్న మాటే కొత్తగా వినపడుతున్న రోజులవి. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నవలాకారుడిగా లోకానికి తెలిసింది ఆ పోటీల వల్లే. ఆ తర్వాత 1910ల్లో న్యాపతి వారు కాంగ్రెసు ప్రధాన కార్యదర్శుల్లో ఒకరుగా పనిచేశారు. ఎనభై అయిదేళ్ళు నిండు జీవితం గడిపి 1941 జనవరిలో వెళ్ళిపోయారు.

తల్లాప్రగడ వారిది పొట్టి జీవితం. 1876లో ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. ముగించి, బరోడా హైకోర్టులో రిజిస్ట్రారుగా ఏడాదిపాటు పనిచేశారు. ఆ ఉద్యోగం ఇప్పించింది దివాన్ సర్ టి. మాధవరావు. తిరిగి మద్రాసు వచ్చి 1880లో హైకోర్టు వకీలు అయ్యారు. 1882లో దివ్యజ్ఞాన సమాజం (థియసాఫికల్ సొసైటీ) స్థాపకులతో పరిచయం అయ్యాక ఆయన లోపల అప్పటిదాకా ఎవరికీ కనపడని వేదాంతి బయటికొచ్చాడు. 1886 డిసెంబరు చివర్లో అడయారులో భగవద్గీత మీద నాలుగు ఉపన్యాసాలు ఇచ్చారు. వాటిని ఇప్పటికీ చదువుతున్నారు. 1890 జూన్ 24న, చర్మవ్యాధితో నెలల తరబడి బాధపడి, మద్రాసులో పోయారు. ముప్ఫై మూడేళ్ళు నిండాయి, ముప్ఫై నాలుగుకు పన్నెండు రోజులు తక్కువ. 1878లో 'హిందూ' మొదటి సంచిక వచ్చేనాటికి ఇద్దరు సుబ్బారావులూ లా చదువుల్లోనే ఉన్నారు. ఒకే వయసు, ఒకే పేరు. ఒకరికి ఇంకో అరవై ఏళ్ళు పైచిలుకు మిగిలాయి, ఒకరికి పన్నెండే.

ఇక్కడే పుట్టిన ఏడు లెక్క కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. ఇద్దరూ 1856 అని మనం అనేది ఇంగ్లీషు లెక్క ప్రకారం. మన పంచాంగం ప్రకారం ఆ ఇద్దరూ ఒకే ఏడు పుట్టలేదు. ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ మొదట్లో వచ్చింది. జనవరిలో పుట్టిన న్యాపతి వారిది అంతకుముందు ఉగాదికి మొదలైన రాక్షస నామ సంవత్సరం. జులైలో పుట్టిన తల్లాప్రగడ వారిది నల నామ సంవత్సరం.

లెక్క వేసే పద్ధతి పాత సిద్ధాంతిగార్ల దగ్గర నేర్చుకున్నవాళ్ళకు వేళ్ళ మీదే ఉండేది. పుట్టిన రోజు ఉగాది తర్వాతదైతే ఇంగ్లీషు సంవత్సరంలోంచి 78 తీసేయాలి. ఉగాదికి ముందుదైతే 79 తీసేయాలి. వచ్చింది శక సంవత్సరం. దానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలిన శేషం ప్రభవ నుంచి ఎన్నో సంవత్సరమో చెబుతుంది. శేషం సున్నా అయితే అరవయ్యోది, అక్షయ. న్యాపతి వారికి 1856లోంచి 79 తీస్తే 1777. 12 కలిపితే 1789. 60తో భాగిస్తే శేషం 49. నలభై తొమ్మిదోది రాక్షస. తల్లాప్రగడ వారికి 78 తీస్తే 1778, 12 కలిపితే 1790, శేషం 50, అది నల. సరిగ్గా పక్కపక్కనే పడ్డాయి.

జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న ఆ రెండున్నర, మూడు నెలల్లో పుట్టినవాళ్ళ విషయంలోనే తప్పు దొర్లుతుంది. ఇంట్లో జాతకంలో "రాక్షస" అని ఉంటుంది. దాన్ని ఎవరో ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు రాక్షస అంటే 1855 కదా అని రాసేస్తారు. ఒక పుస్తకంలో 1855, ఇంకో పుస్తకంలో 1856 కనిపిస్తుంది. చూసినవాళ్ళు ఇద్దరు మనుషులేమో అనుకుంటారు, లేదా ఒకటి అచ్చుతప్పు అనుకుంటారు. రెండూ కాదు, ఉగాదిని మర్చిపోయారంతే.

వయసు చెప్పే తీరు వల్ల కూడా ఒక ఏడు జారుతుంది. "ముప్ఫై నాలుగో ఏట పోయారు" అంటే ముప్ఫై మూడు నిండి ముప్ఫై నాలుగు నడుస్తోందని అర్థం. దాన్ని "ముప్ఫై నాలుగేళ్ళ వయసులో" అని మార్చి, పోయిన ఏటిలోంచి తీసివేస్తే పుట్టిన ఏడు ఒకటి వెనక్కి పోవచ్చు. బడిలో వేసిన తేదీ సంగతి సరేసరి. పిల్లాణ్ణి చేర్చేటప్పుడు తండ్రి దగ్గర జాతకం ఉన్నా మాస్టారు బడి తెరిచే నెలకు అనువుగా ఒక తేదీ వేసేవారు. సర్కారు ఉద్యోగంలో ఏడాది కలిసొస్తుందని వయసు తగ్గించి వేయించడం కూడా మామూలే. అందుకే ఏ పెద్దమనిషి పుట్టిన ఏడు గురించైనా సర్టిఫికెట్టు, జాతకం, కుటుంబం చెప్పే మాట మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. మూడింట్లో తేడా వస్తే జాతకానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. దానిలో తిథి, నక్షత్రం, వారం కలిసి ఉంటాయి కాబట్టి, తప్పు రాస్తే ఆ మూడూ ఒకదానికొకటి పొసగవు.

1895 జంటకు వస్తే యల్లాప్రగడ వారు భీమవరంలో జనవరి 12న పుట్టారు. 1895లోంచి 79 తీస్తే 1816, 12 కలిపితే 1828, శేషం 28, జయ నామ సంవత్సరం. ఆ మార్చి నెలాఖరున ఉగాదితో మన్మథ మొదలైంది. నండూరి వారు ఏలూరు దగ్గర వసంతవాడ మనిషి. భీమవరం, ఏలూరు రెండూ డెల్టా నీళ్ళు తాగిన ఊళ్ళే.

ఒకరు మందులు, ఒకరు పాటలు. కాని 1917-18 ప్రాంతంలో ఇద్దరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాళ్ళుగా మద్రాసులోనే చదువుకుంటున్నారు. నండూరి వారు క్రిస్టియన్ కాలేజీలో, యల్లాప్రగడ వారు మెడికల్ కాలేజీలో. క్రిస్టియన్ కాలేజీ అప్పటికి తాంబరం వెళ్ళలేదు, జార్జిటౌనులోనే ఉండేది. మెడికల్ కాలేజీ సెంట్రల్ స్టేషను పక్కన. రెంటి మధ్య దూరం నడిచిపోయేంతే. మద్రాసులో కరెంటు ట్రాము మొదలైంది 1895 మే నెలలో, అంటే ఈ ఇద్దరూ పుట్టిన ఏడాదే. మద్రాసు ట్రాములో వెళ్తూ నండూరి వారికి ఎంకి మొదటి పాట తట్టిందని తెలుగువాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. ట్రాము ఊపుకి, ఇనుప చక్రం పట్టాల మీద పడే దరువుకి ఆ పాట నడకకి ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది. 1953లో ట్రాములు ఆపేశారు. ఆ మోత విన్నవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

నండూరి వారు వకీలు చదువు చదివి ఏలూరులో ప్రాక్టీసు పెట్టారు. కోర్టులో నల్లకోటు, ఇంట్లో తన పాటల్లోని ఎంకి, నాయుడుబావ. పల్లె మనుషుల నోటి మాటను, గోదావరి ఒడ్డున వినపడే ఉచ్చారణతో సహా, కవిత్వానికి పనికొచ్చే భాషగా నిలబెట్టిన ధైర్యం ఆయనది. అప్పట్లో చాలామంది పండితులకు అది కొరుకుడు పడలేదు. పాడుకునేవాళ్ళకు మాత్రం ఒక్క రోజు కూడా కష్టం కాలేదు. ఎంకి పాటలు పుస్తకంగా వచ్చింది 1925లో. అదే 1925లో సముద్రాల అవతల ఇంకో సుబ్బారావు, యల్లాప్రగడ వారి పేరు ఒక శాస్త్ర పత్రికలో అచ్చయింది. అది ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన చెప్పిన, భాస్వరాన్ని కొలిచే పద్ధతి. మెడికల్ కాలేజీ చదివినవాళ్ళకు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే కళ్ళముందు ఒక నీలిరంగు మెరుస్తుంది.

ఆ నీలం ఎలా వస్తుందో చెప్పాలి, ఎందుకంటే ఆయన గొప్పతనం అందులోనే చేతికి తగులుతుంది. బయోకెమిస్ట్రీ ల్యాబులో నేర్పే పద్ధతి ప్రకారం 1 మి.లీ. సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే తేటలో) 9 మి.లీ. పది శాతం ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్ పోసి బాగా కలపాలి. ప్రోటీన్లు తెల్లగా విరుగుతాయి. వడపోసి 5 మి.లీ. తేట తీసుకోవాలి. దానికి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపిన 2.5 శాతం అమ్మోనియం మాలిబ్డేట్ 1 మి.లీ., ఆపైన అమినోనాఫ్తాల్ సల్ఫానిక్ ఆమ్లం 0.4 మి.లీ. వేసి, నీళ్ళతో 10 మి.లీ. చేయాలి. అయిదు నిమిషాలు ఆగితే నీలం ముదురుతుంది. ఎంత భాస్వరం ఉంటే అంత నీలం. తెలిసిన భాస్వరంతో చేసిన గొట్టం పక్కన పెట్టి పోల్చాలి. పెద్దవాళ్ళ సీరంలో 100 మి.లీ.కి రమారమి 2.5 నుంచి 4.5 మి.గ్రా. మామూలు.

చెడిపోయే దారులు నాలుగు. సూది గుచ్చేటప్పుడు ఎర్రకణాలు పగిలితే సీరం ఎర్రబడుతుంది, కణాల లోపలి భాస్వరం కలిసి లెక్క పెరుగుతుంది. గొట్టాలు సబ్బుపొడితో కడిగి సరిగ్గా జాడించకపోతే అందులోని ఫాస్ఫేట్ కూడా రంగిస్తుంది. నీలం తెప్పించే ద్రావకం పాతదై గోధుమరంగు తిరిగితే రంగు సరిగ్గా రాదు, దాన్ని నల్లసీసాలో చల్లటి చోట పెట్టుకోవాలి. ఎక్కువసేపు వదిలేస్తే ఏమీ వేయని ఖాళీ గొట్టం కూడా నీలిపడుతుంది. గంట కొట్టేలోపు రీడింగు తీసుకోవాలని ల్యాబు అటెండరు తొందరపెట్టేది అందుకే.

ఇదే పరీక్ష కండరం మీద చేస్తే ఒక తేడా కనపడింది. నీలం వెంటనే రావాల్సినంత రాకుండా, గడియారం ముల్లు కదిలే కొద్దీ మెల్లగా ముదురుతూ పోయింది. చాలామంది ద్రావకం చెడిందనుకుని పారబోసేవారు. ఫిస్కే, సుబ్బారావు పారబోయలేదు. కండరంలో భాస్వరం ఇంకేదో పదార్థానికి అతుక్కుని ఉందని, ఆమ్లం, మాలిబ్డేట్ కలిసి దాన్ని నెమ్మదిగా విడదీస్తున్నాయని పట్టుకున్నారు. అది ఫాస్ఫోక్రియాటిన్, 1927. రెండేళ్ళకు, కణాలకు శక్తినందించే ఏటీపీ. కండరం బిగుసుకోవడానికి, సడలడానికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్నకు దారి అక్కడ తెరుచుకుంది. ఆలస్యంగా వచ్చిన రంగును తప్పు అనుకోకుండా గమనించినందుకు దక్కిన ఫలం అది.

యల్లాప్రగడ వారి చిన్నతనం తెలిస్తే ఇది ఇంకా ముద్దొస్తుంది. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి అరటిపళ్ళు అమ్ముకుని బతుకుదామని ఇల్లు వదిలి బయల్దేరిన పిల్లాడు. తల్లి వెనక్కి తెప్పించింది. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కాడు. వైద్యం చదివేటప్పుడు ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసరు కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. రావాల్సిన చోట అంతకంటే తక్కువ పట్టా అయిన ఎల్.ఎం.ఎస్. వచ్చింది. తిన్నది ఒంటికి పట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఆయన అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాతో పోయారు. ఆ జబ్బు తనకూ వచ్చింది. 1922లో బోస్టను చేరిన మనిషి మళ్ళీ మన గడ్డ మీద కాలు పెట్టలేదు. 1940ల్లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ల్యాబొరేటరీలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబులో తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు ఇచ్చే మందు అదే. ఇంటి దుఃఖం ఆయన్ని వదల్లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ బృందమే ఫోలిక్ యాసిడ్‌కు అడ్డుపడే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా చేసింది. అమినోప్టెరిన్ వాడి సిడ్నీ ఫార్బర్ బోస్టనులో రక్తక్యాన్సరు పిల్లలకు చికిత్స చేశాడు. 1948లో ఆయన ప్రకటించిన ఫలితం ప్రకారం పదహారుమందిలో పదిమందికి కొంతకాలం జబ్బు నెమ్మదించింది. క్యాన్సరుకు మాత్ర, ఇంజెక్షను అన్న ఆలోచన అక్కణ్ణుంచే ఊపందుకుంది. మెథోట్రెక్సేట్ ఇప్పుడు కీళ్ళవాతానికీ వాడుతున్నారు. అది వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకునే మాత్ర అనుకుని వరసగా మింగితే నోరు పూసి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకే డాక్టర్లు వారం పేరు చీటీ మీద రాసి ఇస్తారు, ఇంకో రోజున ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు. రెండు మాత్రలూ ఒకే సుబ్బారావు బృందంవి అని మందుల షాపులో ఎవరికీ తెలియదు.

1948 ఆగస్టులో యాభై మూడేళ్ళకే ఆయన నిద్రలోనే పోయారు. నండూరి వారు 1957 దాకా ఉన్నారు.

ఇప్పుడు ఈ నలుగురూ ఎలా కలిసిపోతారో చూడండి. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుంచించుకుపోతుంది. న్యాపతి, నండూరి ఇద్దరూ ఎన్. సుబ్బారావే. ఇద్దరూ గోదావరి ప్రాంతపు వకీళ్ళే. నండూరి వారు ప్రాక్టీసులో ఉన్న కాలానికి న్యాపతి వారు ఇంకా ఉన్నారు. 1930ల నాటి కాగితంలో "ఎన్. సుబ్బారావు, వకీలు" అని కనపడితే ఊరు చూడాలి. రాజమండ్రి అయితే ఒకరు, ఏలూరు అయితే ఇంకొకరు. పేరు చివర "పంతులు" ఉంటే అనుమానమే అక్కర్లేదు. ఇటు తల్లాప్రగడ, యల్లాప్రగడ ఇంటిపేర్లు రెండూ ప్రగడతోనే ముగుస్తాయి. ప్రగడ అంటే మంత్రి. ఇద్దరూ ఇంగ్లీషులో "రావు"ను ఆర్-ఓ-డబ్ల్యు అని రాసుకున్నారు. మిగిలిన ఇద్దరూ ఆర్-ఏ-ఓ. వేదాంతం మీద వ్యాసం వైద్యుడి ఖాతాలో పడకుండా ఉండాలంటే టి, వై అక్షరాలు కళ్ళు పెట్టుకుని చూసుకోవాలి.

పాశ్చాత్య జాబితాల్లో ఇంకో తిరకాసు. వాళ్ళకు ముందు వచ్చేది సొంత పేరు, చివర వచ్చేది ఇంటిపేరు. అందుకని యల్లాప్రగడ ఆయన సొంత పేరనీ, సుబ్బారావు వంశం పేరనీ అనుకుంటారు. ఆ లెక్కన చూస్తే ఒకే పేరు, ఒకే ఏడు జంటల్లో మనవాళ్ళు ఎప్పటికీ కలవరు, ఎందుకంటే యల్లాప్రగడ వేరు, నండూరి వేరు. మన లెక్క చెప్పాలంటే రెండో మాట పట్టుకోవాలి. పాత తెలుగు లైబ్రరీల్లో కార్డులు ఇంటిపేరు వరసలో ఉండేవి. "న" సొరుగులో నండూరి, న్యాపతి కొద్ది దూరంలో దొరికేవారు, "త"లో తల్లాప్రగడ, "య"లో యల్లాప్రగడ. కార్డు అంచులు వేళ్ళ నూనెకు నల్లబడి ఉండేవి. ఎక్కువ నల్లబడిన కార్డును ఎక్కువమంది వెతికారన్న మాట. ఎంకి కార్డు అంచు ఎప్పుడూ మెత్తబడి ఉండేది.

యల్లాప్రగడ వారి బృందం చేసిన ఇంకో మందు డైఈథైల్‌కార్బమజైన్, బోదకాలు మాత్ర. పుట్టిన డెల్టాకు ఆయన పంపిన మూట అది అనుకోవచ్చు, ఎందుకంటే కాలవలు, మురుగు గుంటలు ఉన్న గోదావరి ఊళ్ళల్లో బోదకాలు లేని వీధి ఉండేది కాదు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల వైపు దాక్కుని, రాత్రి దోమ కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే ఆరోగ్యశాఖవాళ్ళు రాత్రి ఎనిమిదిన్నర దాటాక లాంతరు పట్టుకుని ఇంటింటికీ వచ్చి వేలు గుచ్చి చుక్క రక్తం తీసుకెళ్ళేవారు. తర్వాత్తర్వాత సామూహికంగా మాత్రలు పంచే రోజులొచ్చాయి. 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు 100 మి.గ్రా. మాత్ర ఒకటి, 6 నుంచి 14 ఏళ్ళవాళ్ళకు రెండు, ఆపై వాళ్ళకు మూడు, దానితోపాటు నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ ఒకటి. రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో మంచం పట్టినవాళ్ళకు ఇవ్వకూడదు. పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది. ఒంట్లో పురుగులున్నవాళ్ళకు అవి చచ్చేటప్పుడు జ్వరం, దురద వస్తాయి. మందు పడలేదని భయపడి మర్నాడు మాత్రలు పెరట్లో పారేసేవారు. మందు పనిచేస్తోందన్న గుర్తే అది.

అందుకే చేతికిచ్చి వెళ్ళకుండా ఎదురుగా మింగించమని కార్యకర్తలకు చెప్పేవారు. అరుగు మీద గ్లాసుతో నీళ్ళు, ఒళ్ళో పొడుగాటి రిజిస్టరు. ఇంటి నంబరు, పేరు, వయసు, మాత్రలు. "పేరేంటి తాతగారూ?" "సుబ్బారావమ్మా." "ఇంటిపేరు?" అది కూడా రాసుకుని, "అన్నం తిన్నారా?" అని అడిగి, మూడు మాత్రలు అరచేతిలో పెట్టేవారు.